ఇంగ్లీషు నటుడి చావులకు కథ చెప్పినవాణ్ణి

మా డేరా టాకీసులో ఉన్నవి మూడే సినిమాలు. మూడింటిలోనూ ఒకే ఇంగ్లీషు నటుడు, మూడింటిలోనూ చచ్చిపోతాడు. ఒకదానిలో జడ్జి, ఒకదానిలో ఓడ కెప్టెన్, ఒకదానిలో పెద్ద జమీందారు. జడ్జి కుర్చీలో పోతాడు. కెప్టెన్ మంచం మీద పోతాడు. జమీందారు పోవడానికి రెండు రీళ్ళు పడుతుంది. ఆ మాటలన్నీ ఇంగ్లీషులో కాబట్టి, ఏం జరుగుతున్నదో జనానికి తెలుగులో అరిచి చెప్పడం నా ఉద్యోగం. ఏడాదిన్నరపాటు రోజుకో చావు, జాతర రోజుల్లో రెండు. ఒక మనిషి చావు ఇంత విసుగు పుట్టిస్తుందని నేను అంతకుముందు అనుకోలేదు.

మాది కామారెడ్డి. బాపుది బెల్లం దుకాణం. ఈగలు, గోనెసంచులు, బాపు, ఈ ముగ్గురి మధ్య పెరిగాను. నాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. ఎవరైనా గంభీరంగా మాట్లాడుతుంటే మధ్యలో ఏదో ఒకటి అనకుండా ఉండలేను. మా పెద్దమ్మ పోయిన పదోరోజున పెద్దబాపు తల పట్టుకుని, "ఇంక నాతోని కొట్లాడెటోళ్ళు ఎవలున్నరు?" అని ఏడిస్తే, "మా అవ్వ ఉన్నది గద" అని మా అమ్మను చూపించాను. పెద్దబాపు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు. బాపు మాత్రం చెప్పు తీశాడు. నా నోటికి అంతవరకూ దొరికిన ప్రతిఫలం అదే.

స్టేషన్ పక్క మైదానంలో డేరా పడ్డప్పుడు, లోపల కూర్చుని నేను విసురుతున్న మాటలకు చుట్టుపక్కల వాళ్ళు నవ్వుతుంటే డేరా యజమాని సేటు విన్నాడు. అప్పటికి కథ చెప్పే మనిషి జ్వరం పట్టి ఇంటికి పోయే తయారీలో ఉన్నాడు. ఆ పని నాకు దొరికింది. నాకు ఇంగ్లీషు రాదు. సేటుకూ రాదు. మిషన్ తిప్పే బొంబాయి మనిషికి నాలుగు ఇంగ్లీషు మాటలు వచ్చుగానీ, నాలుగూ మిషన్ సామాన్ల పేర్లే. జ్వరం మనిషి పోతూ పోతూ మూడు కథలూ నాకు ఒక్క మధ్యాహ్నంలో ఒప్పజెప్పాడు. ఆయనకు ఇంకెవరో ఒప్పజెప్పారట.

మొదటి వారంలోనే ఒక చిక్కు వచ్చింది. మా వైపు జనం ఒక మనిషి కథ వినాలంటే ముందు అతనిది ఏ ఊరో, ఎవరి కొడుకో తెలియాలి. తెర మీద జడ్జి నోరు తెరవగానే డేరాలోంచి ఒకాయన లేచి, "గీయనది ఏ ఊరు?" అన్నాడు. "ఎవల బిడ్డ?" అని ఆయన పక్కనున్న అవ్వ. నేను "లండన్" అన్నాను. "లండన్ల ఎవలింట్ల?" అన్నది అవ్వ. కథ అక్కడ ఆగిపోయింది. మిషన్ తన మానాన తాను తిరుగుతున్నది, జడ్జి ఎవరికో శిక్ష వేస్తున్నాడు. ఎవరికీ పట్టలేదు.

రీళ్ళ పెట్టెలో అడుగున ఒక చిరిగిన ఇంగ్లీషు కాగితం ఉండేది, ఆ నటుడి ఫోటోతో. దాన్ని స్టేషన్లో పార్సిల్ క్లర్కు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కోళ్ళ బుట్టలకు చీటీలు అంటిస్తూ, మధ్యమధ్య ఒక్కో ముక్క చదివి చెప్పాడు. ఆ నటుడు సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రికి రొట్టెల బట్టీ. పదిహేడో ఏట బట్టీ వదిలి నాటకాల కంపెనీతో లేచిపోయాడు. మొదటి రెండేళ్ళు ఆయన పని దీపం పట్టుకుని రంగం ఈ మూల నుంచి ఆ మూలకు నడవడం. మాట లేదు. మూడో ఏడు ఒక్క మాట ఇచ్చారు: "బండి వచ్చిందండీ." ఆ మాట బాగా అన్నాడో ఏమో, తర్వాత ముప్పై ఏళ్ళు రైళ్ళలో ఊరూరూ తిరిగి నాటకాలాడాడు. అంతలో సినిమా బొమ్మలకు మాట వచ్చింది. అప్పటిదాకా నోరు కదిపి బతికిన అందగాళ్ళు నిజంగా మాట్లాడేసరికి కొందరి గొంతులు కప్పల గొంతుల్లా ఉన్నాయట. దాంతో గొంతున్న నాటకాల వాళ్ళకు పిలుపొచ్చింది. అప్పటికి ఈయనకు యాభై దాటింది, తల నెరిసింది. నెరిసిన తలకు ఏం వేషాలిస్తారు? తండ్రి, జడ్జి, జమీందారు. అందరూ చివరికి పోయేవాళ్ళే.

"రొట్టెల బట్టీ వదిలి మంచి పని జేసిండు" అన్నాడు క్లర్కు, కోళ్ళ రెట్ట తుడుచుకుంటూ. "వేడి తప్పింది."

ఆ రోజునుంచీ సినిమాకు ముందు ఆయన జీవితం చెప్పేవాణ్ణి. జనం ఊకొట్టేవాళ్ళు. "రొట్టెలు జేసెటోని కొడుకు జడ్జి ఎట్లయిండు?" అని ఎవరో అడిగితే, "నువ్వు మనిషివెట్లయినవో గట్లనే" అనేవాణ్ణి. డేరా ఘొల్లుమనేది. అంతవరకూ బాగానే ఉంది. చావు దగ్గరే తంటా వచ్చేది. జమీందారు దిండ్ల మీద ఒరిగి కొడుకు చెయ్యి పట్టుకుంటాడు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు తెచ్చుకుంటారు. సరిగ్గా అప్పుడే నా నోట్లోంచి, "కొడుకును క్షమించిండు. ఇగ పోయేదుండె గని, ఇంకొక రీలు మిగిలింది" అని వచ్చేది. కొంగులు దిగిపోయేవి. రోజూ చూసేవాణ్ణి గదా, నాకు ఏడుపు ఎక్కడినుంచి వస్తుంది?

సేటు ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు. "ఏందిరా, నా డేరాల ఎవల్ని సావనియ్యవా?"

"సస్తనే ఉన్నడు గద సేటు, రోజు."

"నవ్వినోడు ఇంటికి పోయి మర్చిపోతడు. ఏడ్సినోడు పెండ్లాన్ని తోల్కొని మల్ల వస్తడు. ఎల్లారెడ్డిల డేరా ఏస్తున్నం. ఆడ జనం ఏడ్వాలె. ఏడ్వకపోతే నువ్వు మీ బాపు దుకాణం సూస్కో."

నాకు ఆ పని మీద విసుగు ఎంతో, అది పోతుందన్న భయమూ అంతే. అది పోతే మిగిలేది బెల్లం, ఈగలు, చెప్పు. నా నోటికి చెప్పుదెబ్బ కాక జీతం దొరికిన చోటు ప్రపంచంలో ఆ డేరా ఒక్కటే.

ఎల్లారెడ్డికి రెండు రోజుల బండి ప్రయాణం. ఒక బండి మీద మిషన్, ఒక బండి మీద ఆయిలింజన్, దానిమీద నేను. ఇంజన్ మీద కూర్చుంటే ఆగి ఉన్నా ఒళ్ళు అదురుతున్నట్టే ఉంటుంది. దిగేసరికి నా ఎముకలు ఏవి ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వచ్చింది. సేటు తహసీల్ కచేరీకి పోయి డేరా వేసుకోనిచ్చే ఇజాజత్ తెచ్చుకున్నాడు. గుంజలు పాతబోతుంటే ఒక ముసలాయన కర్ర పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నా ఇజాజత్ ఏది?"

సంగతేమిటంటే, అటువైపు భాగోతం ఆడే మేళాలు ఊళ్ళు పంచుకుని ఉంటాయి. ఒక ఊళ్ళో ఆట ఆడే హక్కు ఒక్క మేళానిదే, తాతల నాటినుంచీ. ఇంకెవరైనా ఆడాలంటే ఆ మేళం పెద్దకు తాంబూలమిచ్చి అడగాలి, ఆయన్ని ముందు వరసలో చాప మీద కూర్చోబెట్టాలి. ముసలాయన ఆ మేళానికి పెద్ద. నలభై ఏళ్ళు రాజు వేషం కట్టిన మనిషి.

"గిది ఆట కాదు పెద్దమనిషీ, మిషన్" అన్నాడు సేటు.

"మిషన్ల ఉన్నోళ్ళు ఆడుతలేరా?"

సేటు బజారుకు మనిషిని పంపి తాంబూలం తెప్పించాడు.

మొదటి రోజు దీపాలవేళకు ముసలాయన వచ్చి చాప మీద కూర్చున్నాడు. జడ్జి సినిమా. నేను మామూలుగానే చెప్పాను, మామూలుగానే చావు దగ్గర నోరు జారాను. జనం నవ్వారు. సేటు నవ్వలేదు. ముసలాయన కూడా నవ్వలేదు. రెండో రోజు కెప్టెన్. ప్రాణం ఉగ్గబట్టుకుని, ఏ హాస్యమూ లేకుండా, గొంతు వణికిస్తూ చెప్పాను. ఒక పిల్లవాడు, "అన్నకు జ్వరమొచ్చినట్టుంది" అన్నాడు. జనం నిన్నటికంటే ఎక్కువ నవ్వారు. సేటు నా వైపు చూసి వేలు చూపించాడు. ఇంక ఒక్కరోజు అని.

మర్నాడు పొద్దున డేరా నీడలో కూర్చుని ఉంటే ముసలాయన వచ్చి పక్కన కూలబడ్డాడు. తమలపాకు ఈనె తీస్తూ అన్నాడు:

"గా దొరకు ఎడమ మోకాలు నొస్తది."

"సినిమాల గా సంగతి లేదు తాతా."

"సినిమాల లేదు. మోకాల్ల ఉన్నది." ధోవతి పైకి లాగి తన మోకాలు చూపించాడు. రోలు అంత ఉంది. "సందు దొరికితే కూసుంటడు. లేసెటప్పుడు కుర్చీ చెయ్యి పడతడు, ఎవలకు కనపడకుండ. బల్లల మీద ఎగిరినోని మోకాలు గది. గొంతు సూడు, ముందున్నోళ్ళతోని మాట్లాడడు. ఆఖర్న చెట్టెక్కి సూసెటోడుంటడు గద, వానితోని మాట్లాడతడు. గాడ చెట్టు లేకున్న."

నేను పార్సిల్ క్లర్కు చదివిన కాగితం సంగతి చెప్పాను. రొట్టెలు, దీపం, రైళ్ళు, అన్నీ. ముసలాయన ఆశ్చర్యపడలేదు. తెలిసిన చుట్టం కబురు విన్నట్టు విన్నాడు. దీపం పట్టుకుని రెండేళ్ళు నడిచాడన్నప్పుడు మాత్రం, "నేను మూడేండ్లు" అన్నాడు.

"గని, సచ్చెటప్పుడు గాయన ఏమంటుండు?" అని అడిగాడు.

"ఇయ్యాల్టి సినిమాల కొడుకును క్షమిస్తుండు."

"నీకెట్ల ఎరుక?"

"నా ముందటాయన చెప్పిండు."

"గాయనకెట్ల ఎరుక?"

నేను నేల మీద పుల్లతో గీతలు గీశాను.

"మా ఆటల గూడ నీ అసొంటోడు ఒకడుంటడు" అన్నాడు ముసలాయన. "హాస్యగాడు. రాజు మాట్లాడితే ఎక్కిరిస్తడు, రాణి ఏడిస్తే ఎక్కిరిస్తడు. తెల్లారెదాక వాని నోరు మూతపడదు. రాజు సచ్చెటప్పుడు ఏంజేస్తడో ఎరుకనా?"

"ఏడుస్తడు."

"హాస్యగాడు ఏడిస్తే జనం నవ్వరా? నిన్న నీకైంది గదే. ఊకుంటడు. గంతే. గప్పటిదాక వాగినోడు ఊకుంటే, ఏమో అయిందని జనానికి ఎరుకైతది. వాడు ఊకున్నంకనే రాజు సస్తడు."

ఆ సాయంత్రం జమీందారు సినిమా. ముందు నుంచీ నేను ఎన్నడూ లేనంతగా వాగాను. జమీందారు టోపీ మీద, కోడలి నడక మీద, ఆయన గుర్రం మీద. డేరా పగలబడి నవ్వుతున్నది. ఆఖరి రెండు రీళ్ళు వచ్చాయి. దిండ్లు వచ్చాయి. కొడుకు వచ్చాడు. నేను నోరు మూసుకున్నాను.

నాకు అది తేలిక కాలేదు. నాలుక చివర నాలుగు మాటలు వరసకట్టి నిలబడ్డాయి. జనం కాసేపు నా వైపు చూశారు. "చెప్పు అన్నా" అన్నారు ఎవరో. చెప్పలేదు. వాళ్ళ తలలు ఒక్కొక్కటే తెర వైపు తిరిగాయి. డేరా వెనక ఇంజన్ చప్పుడు, దానిమీద ఆ ముసలి ఇంగ్లీషు గొంతు. ఏడాదిన్నరగా నేను దానిమీద అరుస్తూనే ఉన్నాను గనక, ఆ గొంతులో ఇన్ని మెట్లున్నాయని నాకే తెలియదు. ఒకే మాట రెండుసార్లు అన్నాడు. మొదటిసారి కొడుకుతో. రెండోసారి ఎవరితోనో, లేని చెట్టు మీద కూర్చున్న వాడితోనో. అది క్షమించడమా, నీళ్ళు అడగడమా, నాకు ఇప్పటికీ తెలియదు. ఆడవాళ్ళ వైపు నుంచి మొదట ఒక ముక్కు చీదిన చప్పుడు, తర్వాత చాలా. బీడీలు చుట్టే అవ్వ ఒకామె బాహాటంగానే ఏడ్చింది. ముసలాయన చాప మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు. సేటు డేరా గుమ్మం దగ్గర నిలబడి జనం మొహాలు చూస్తున్నాడు, తెర చూడటంలేదు.

పని నిలిచిందని ఆ పూట హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే సేటు పిలిచాడు. జొన్నరొట్టె తింటున్నాడు, మంచి ఖుషీగా ఉన్నాడు.

"మస్తుగ ఏడ్సిండ్రు."

"అవ్ సేటు."

"నువ్వేం మాట్లాడలె."

"లేదు సేటు."

"నువ్వు మాట్లాడినన్ని రోజులు ఎవలు ఏడ్వలె. ఊకుంటే ఏడ్సిండ్రు." రొట్టె ముక్క నమిలి మింగేదాకా ఆగాడు. "ఊకునుటానికి నౌకరెందుకురా? నేనే ఊకుంట."

నేను మూట కట్టుకోవడానికి లేచాను. ఆయన చెడ్డవాడు కాదు. కామారెడ్డి పోయే బండిలో చోటు కూడా తనే మాట్లాడాడు, మర్నాటి బండిలో. ఆయన లెక్కలో తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. ముందు వాగినవాడు లేకపోతే ఊకోవడం అంటూ ఉండదు. కానీ అది సేటుకు చెప్పాలంటే ముసలాయన నోరు కావాలి. నాకున్నది నా నోరు. నా నోట్లోంచి వస్తే ఏదైనా హాస్యంగానే వినిపిస్తుంది.

ముసలాయనకు చెబితే చాలాసేపు నవ్వాడు. నా మాటకు ఆయన నవ్వడం అదే మొదటిసారి.

"మంచిగ జేసినవ్ బిడ్డా" అన్నాడు. "గందుకే పోయింది."

"నేర్పింది నువ్వే గద తాతా."

"ఆట నేర్పిన. నౌకరి నేర్పలె." లేవడానికి నా భుజం పట్టుకున్నాడు. "సాయంత్రం రా. నా చాప మీద చోటున్నది."

పోయాను. వేరే పని ఏముంది? మళ్ళీ జడ్జి. కథ చెప్పేవాడు లేడు. మొదటి రీలులోనే జనం అటూ ఇటూ కదిలారు, ఒకరినొకరు అడిగారు. మా పక్కనున్న ఒకాయన చుట్టుపక్కల వాళ్ళకు ధైర్యంగా కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన కథలో జడ్జి డాక్టరు. నాకు పళ్ళు జివ్వుమన్నాయి గానీ, నేను చెప్పిన కథకు మాత్రం సాక్ష్యమేముంది? ముసలాయన ఎడమ మోకాలు పిసుక్కుంటున్నాడు. తెర మీద జడ్జి కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు.

వెనకనుంచి నిన్నటి బీడీల అవ్వ నా వీపు మీద వేలితో పొడిచింది. "ఓ పిలగా, ఏమంటుండు గాయన?"

ప్రాణం లేచి వచ్చింది. పూర్తిగా వెనక్కి తిరిగి, గొంతు సవరించుకుని, శిక్ష పడ్డవాడు తన సొంత కొడుకేనని జడ్జికి ఇప్పుడే తెలిసిందని, ఆ గుండె ఆగబోతున్నదని, నాకు చేతనైనంత గంభీరంగా, ఒక్క వెటకారమూ లేకుండా చెప్పాను. అవ్వ చివరిదాకా విన్నది.

"నిన్ననే నయముండె" అన్నది. "నువ్వు ఊకున్నవ్, మంచిగ సమజైంది."