కుప్ప మీది పేరు

వేమూరు అంకమ్మ నోట్లో చుట్ట తీసి, ఎదుటి మనిషిని ఎగాదిగా చూశాకే మాట్లాడుతుంది. లక్షణమైన పేర్లు పెట్టిన మనవరాళ్ళు ముగ్గురు ఏడాది నిండకుండానే పోయారు. నాలుగోదాన్ని చావు కంట పడనివ్వకూడదని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డలా ఏరుకొచ్చి పెంటమ్మ అని పిలిచింది. ఊరంతా సరోజలూ ఉషారాణులూ అయిపోతున్న అరవై ఎనిమిదిలో, బడి మాస్టారు ఆ పేరును ప్రమీలగా మార్చారు. అప్పట్నుంచీ మాస్టారి మీద కూడా ఆమెకు అనుమానమే.

పిల్లకు జ్వరమొచ్చి తెనాలి ఆసుపత్రికి తెస్తే, నిండు నెలల నర్సు "ప్రమీల ఎవరు?" అని కేకేసింది.

అంకమ్మ గుమ్మం వైపూ కిటికీ వైపూ చూసి, "గట్టిగా అనకమ్మా! ఇది పెంటమ్మ. ఆ పేరు కొట్టేస్తేగానీ సూది పొడవనివ్వను" అంది.

సంగతంతా విన్నాక నర్సు నవ్వలేదు. చీటీలో పేరు కొట్టేసి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, గొంతు తగ్గించి అడిగింది:

"ఏ కుప్పయినా పర్వాలేదా, మామ్మా?"