ఎడంచేతికి గోరింటాకు

పాఠకులారా, నేను ఒకప్పుడు పదేళ్ల పిల్ల లెక్కలకి తాళం వేశాను. దొంగచాటుగా కాదు, గోరింటాకు గిన్నె పట్టుకుని, ఇంటిల్లిపాదీ చూస్తుండగా. అప్పటికి నా బీఈడీ పూర్తయి మూడు నెలలు. అంటే లోకంలో నాకు తెలియనిది లేదన్నమాట.

ఆ పిల్ల మా అక్క కూతురు హాసిని. జగ్గయ్యపేటలో అబాకస్ క్లాసుకి వెళ్లేది. పూసల చట్రం ఎదురుగా ఉన్నట్టే ఊహించుకుని, గాల్లో వేళ్లు కదుపుతూ లెక్క తేల్చడం అక్కడి పద్ధతి. హాసిని జవాబు రాసేది కుడిచేత్తోనే. గాల్లో ఆడేవి మాత్రం ఎడంచేతి వేళ్లు. నందిగామలో పోటీ, గెలిస్తే విజయవాడ. విజయవాడకి ఏ గౌను వేసుకోవాలో కూడా తీసి పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నేను ఫోన్లో ఒక వ్యాసం చదివాను. సగం.

"అక్కా, లెక్కలు చేసేది మెదడులో ఎడమ భాగం. దాని మాట వినేది కుడిచెయ్యి. ఇదేమో ఎడంచెయ్యి ఊపుతోంది. పేట నుంచి నందిగామకి మైలవరం చుట్టి పోయినట్టుంది!"

"బానే చేస్తోంది కదరా, వదిలెయ్."

"నీకు తెలీదక్కా, ఊరుకో."

ఆషాఢమాసం. పోటీ రోజు పొద్దున్నే ఆకు నూరి, హాసిని ఎడం అరచేతిలో చందమామ, వేళ్లకి టోపీలు పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి, సాయంత్రం దాకా విప్పొద్దన్నాను.

"రెండో చేతికి పెట్టవా మావయ్యా?"

"అది పని చెయ్యాలమ్మా. దీనికి ఇవాళ రెస్టు."

"నాకు లెక్క చెప్పేది ఇదే కదా?"

ఏ వ్యాసమూ చదవని పిల్ల అసలు సంగతి చెప్పేసింది. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పోటీ మొదలైంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. హాసిని కుడిచెయ్యి గాల్లోకి లేచి, ఊరు తెలియని చుట్టంలా అటూ ఇటూ తిరిగి కిందికి దిగిపోయింది. కవర్లో ఎడంచేతి వేళ్లు గింజుకున్నాయి. పక్క పిల్లలు పేజీలు తిప్పేస్తున్నారు. ఇది కవరు వైపు చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

తిరుగు బస్సులో మిగతా సగం చదివాను. చేతికీ లెక్కకీ ఉన్న సంబంధం అందరి మెదళ్లలో ఒకలా ఉండదట, ఎడంచేతివాటం వాళ్లలో మరీనట.

"పోయినసారి ఎనభై నాలుగు, ఇవాళ పదిహేడు. ఎన్ని తగ్గాయి మావయ్యా?"

మనసులో తీసివేత మొదలుపెట్టాను.

"నీ చెయ్యి చూసుకో మావయ్యా," అంది.

నా ఒళ్లో నా ఎడంచేతి వేళ్లు ఆడుతున్నాయి! చిన్నప్పుడు బళ్లో ఎడంచేత్తో రాసినందుకు ఆ చేతి మీద పడిన బెత్తం దెబ్బలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

గోరింటాకు మాత్రం దివ్యంగా పండింది. హాసిని మళ్లీ ఆ క్లాసుకి వెళ్లలేదు. ఇప్పుడు ఇంటర్లో లెక్కలు లేని గ్రూపు.

కాబట్టి సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ పిల్ల చేతి జోలికీ పోను, ఏ వ్యాసమూ సగం చదవను. మొన్న ఆ ఒట్టు హాసిని ఎడంచేతిలోనే వేస్తానని వెళ్లాను. అది నవ్వి, ఎడంచెయ్యి వెనక్కి దాచుకుని, కుడిచెయ్యి చాపింది.