నులక మంచం మీద ఉల్లిగడ్డలు

మా మేనత్త పోయింది. సిద్దిపేటలో వానలు పట్టుకున్న వారమే, పొద్దున చాయ తాగి గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఫోన్లో ఆమె కొడుకు, మా బావ, "అవ్వ పోయింది" అన్నాడు. నేను పక్క వీధిలోనే ఉంటాను. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

ఆ ఇంటికి ఒక్కసారి వెళ్లినవారికైనా ఆమె నులక మంచం గుర్తుండిపోతుంది. దాని మీద ఆమె ఏనాడూ పడుకోలేదు. ఏటా ఎండాకాలం నారాయణరావుపేట రైతు దగ్గరి నుంచి ఉల్లిగడ్డలు తెప్పించి దాని మీద పరిచేది. తాను కింద చాప మీద పడుకునేది. "మంచానికి కిందికెల్లి గాలొస్తది బిడ్డా. నాకంటె వాటికే గాలి ఎక్కువ గావాలె" అనేది. మేమంతా నవ్వేవాళ్లం. వానాకాలం మా ఇళ్లలో ఉల్లిగడ్డల ప్లాస్టిక్ కవరు విప్పగానే కుళ్లు కంపుకు ముక్కు మూసుకోవలసి వచ్చేది. అప్పుడు ఆ నవ్వినవాళ్లమే గిన్నెలు పట్టుకుని ఆమె గడపలో నిలబడేవాళ్లం. ఆమె దెప్పకుండా ఇచ్చేది అని మాత్రం అనను. బాగా దెప్పి, గిన్నె నిండా ఇచ్చేది.

గడ్డలను ఆకుతో సహా నీడలో ఆరబెట్టేది. మెడ సన్నబడి బిగిసేదాకా ఆకు కోయనిచ్చేది కాదు. మెడ లావుగా ఉన్నవి ముందు కూరకు, బిగిసినవి మంచానికి. పక్కన ఉంటే ఉల్లి చెడిపోతుందని ఆలుగడ్డల బుట్టను ఆ గదిలోకే రానిచ్చేది కాదు. వాన పడితే వెనక కిటికీ మూసేది, వెలవగానే తెరిచేది. అప్పుడప్పుడు అన్నిటినీ అరచేత్తో మెల్లగా తిప్పేది. పొట్టు గరగరమంటే ఆమె ముఖం వెలిగేది.

బావకు మాత్రం ఆ మంచం పేరెత్తితేనే మండేది. ఆమె నడుము నొప్పికని అతనే అల్లించి తెచ్చాడు మరి.

"నీకని తెస్తె ఉల్లిగడ్డలను పండవెట్టినవేందే అవ్వా" అనేవాడు.

"మంచిగ పండుకున్నయి కదరా, లేపకు" అనేది ఆమె.

దినాలకు చుట్టాలొస్తారు, జాగ చాలదని బావ ఖాళీ యూరియా సంచులు తెచ్చాడు. గడ్డలన్నీ సంచుల్లో నింపి మూలకు పెడదామన్నాడు. బయట ముసురు. నేను మంచానికి అడ్డంగా నిలబడ్డాను.

"సంచిల పోస్తె దినాలు కాకముందే నీళ్లు కారుతయి బావా. అత్త చేత్తోని పరిచిన ఆఖరి గడ్డలివి. వీటిని కుళ్లనియ్య. చుట్టాలు మా ఇంట్ల పండుకుంటరు."

అతను నా ముఖంలోకి చూసి, సంచులు మడిచి బయట పెట్టాడు. ఆ రోజు నుంచి కిటికీ మూయడం, తెరవడం, గడ్డలు తిప్పడం నా పని. ఆమె పక్కన కూర్చుని చేసిన పనే కనుక చేయి తడబడలేదు.

దినాల నాడు వంటకు ఆ మంచం మీది గడ్డలే కోయించాను. ఒక్కటీ మెత్తబడలేదు. నా కన్నీళ్లకు ఉల్లిగడ్డల పేరు చెప్పను. ఆమె కోసమే ఏడ్చాను.

మరునాడు మధ్యాహ్నానికి చుట్టాలంతా వెళ్లిపోయారు. పనులతో బావ అలిసిపోయి ఉన్నాడు. మంచం మీద ఇంకా సగం గడ్డలు ఉన్నాయి. "వీటిని మా ఇంట్ల పరుస్త బావా. నువ్వు జరసేపు మంచం మీద నడుం వాల్చు" అన్నాను.

"వద్దు. పండుకున్నయి, లేపకు" అన్నాడు.

వాన వెలిసింది. నేను లేచేలోపే అతను వెళ్లి వెనక కిటికీ తెరిచాడు. అత్త చాప తెచ్చి మంచం పక్కన నేల మీద పరుచుకుని, ఉల్లిగడ్డల వైపు తిరిగి పడుకున్నాడు.