అక్క చూడాలన్న స్పాంజి

అక్కకు రక్త క్యాన్సర్ అని తెలిసిన ఏడాది, వాషర్‌మెన్‌పేట్‌లోని మా పప్పుల దుకాణం మధ్యాహ్నం మూయగానే నేను లైబ్రరీకి పోయేవాణ్ణి. కాలేజీ గడప తొక్కలేదు కానీ, అక్కడి జంతుశాస్త్రం అరలో నేను తెరవని పుస్తకం లేదు. అక్కకు ఎక్కిస్తున్న మందు, కరీబియన్ సముద్రంలో పెరిగే ఒక స్పాంజిలోని పదార్థాన్ని చూసి తయారుచేసిందని అక్కడే చదివాను.

సాయంత్రం ఇంట్లో అందరికీ వివరించాను. స్పాంజి మొక్క కాదు, జంతువు. నీటి అడుగున రాతికి అతుక్కుని ఉండిపోతుంది. నోరు, గుండె, నరాలు ఉండవు. ఒంటినిండా ఉన్న సన్నని రంధ్రాల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి, అందులో వచ్చిందే తిండి. అమ్మ బియ్యం ఏరుతూ వింది.

"నరాల్లేకుంటే నొప్పి ఉండదు గదరా," అంది అక్క. "మన సముద్రంలో ఉండాదా? ఒకసారి చూడాల్రా," అంది.

కాశిమేడు రేవుకు పోయాను. రాళ్లున్న చోట వలకు చిక్కుతాయనీ, చెత్తతో పారేస్తామనీ ఒక పడవాయన చెప్పాడు. మూడు రోజులు తిరిగాక, పిడికెడంత నారింజ రంగు స్పాంజిని నా బకెట్‌లో సముద్రపు నీళ్లలో వేశాడు. రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. అమ్మ గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది. చేప కాదని చెప్పి చూశాను.

"పానముండేదని నువ్వేగదరా చెప్పినావు. చెట్టని చెప్పుంటే దేవుడింట్లో అయినా పెట్టుందును. ఈడనే నిల్లు."

తానే వస్తానని అక్క లోపల్నుంచి అంది. జ్వరం తగ్గలేదు, లేవలేకపోయింది. బకెట్‌ను మెట్ల కింద పెట్టాను. తెల్లారేసరికి స్పాంజి బూడిదరంగుకు తిరిగి, వాసన కొట్టింది. పారేశాను. సముద్రంలో వదిలేశానని అక్కకు చెప్పాను.

"చేతికి ఎట్లుండింది?"

నేను దాన్ని ముట్టుకోలేదు. పుస్తకంలో ఉన్నట్టు, గరుగ్గా ఉందన్నాను. అక్క సరేనంది.

పది రోజులకు పోయింది. నాకు ఏడుపు రాలేదు. మైలలో ఎక్కడికీ పోకూడదన్నారు. పోవాలనీ అనిపించలేదు. స్పాంజి గురించి తెచ్చుకున్న లైబ్రరీ పుస్తకం గడువు దాటిందని కార్డు వచ్చింది. చదివి, పుస్తకం ఎవరిచేతనైనా పంపించెయ్యమని అమ్మకు ఇచ్చాను.