వాగు కోసం ఎత్తుకున్న శోకం

మధ్యాహ్నం సైరన్ మోగకముందే సారవ్వ గోడచెక్క మీది గిన్నెలన్నీ దించి నేల మీద పరిచేది. కాసేపటికి ఓపెన్‌కాస్టు గనిలో బాంబులు పేలేవి. ఇల్లంతా ఒక్కసారి ఉలిక్కిపడేది, పైకప్పు నుంచి మన్ను రాలేది. దుమ్ము అణిగాక ఆ గిన్నెలు కడిగి మళ్ళీ పైన పెట్టుకునేది. గోదావరిఖని పక్కన ఆ చిన్న వాడలో ఏళ్ళ తరబడి ఇదే తంతు. గోడ నెర్రెలిస్తే పేడమన్నుతో మెత్తింది. ఇంటి బాయి ఎండితే బిందె చంకన పెట్టుకుని వాగుకు నడిచింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు.

ఎట్లా అంటుంది? పెనిమిటి ఎల్లేశం బొగ్గుబాయిలో దిగే సంసారం ఈదాడు. కొడుకు జైపాల్ కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడుపుతున్నాడు.

"తిన్నింటి వాసాలు లెక్కవెడుతమా?" అనేది.

"గా వాసాలే నెత్తిమీద పడుతున్నయ్ గద సారక్కా" అని పక్కింటి మహబూబీ ఎత్తిపొడిచేది.

అట్లాగని సారవ్వ నోరులేని మనిషేం కాదు. చావింట్లో ఆమెకు సాటి లేదు. వాడలో ఎవరు పోయినా శోకం ఎత్తుకోవలసింది ఆమే. పోయిన మనిషి ఎక్కడ పుట్టింది, ఏం తిన్నది, ఎవరితో కొట్లాడింది, ఎవరికి గంజి పోసింది, అంతా రాగం తీసి చెప్పేది. శోకం చెవిన పడితే ఆడవాళ్ళు చేతిలో పని అక్కడే వదిలి ఉరకాలి. వచ్చినామె కూర్చుని తన వంతుగా ఒక మాట కలపకుండా లేవొద్దు. అది ఆ వాడ ఆనవాయితీ.

తాగుబోతు సదయ్య ఎదురుపడితే చాలు, "అవ్వా, నేను వోతె గుడుంబ ముచ్చట చెప్పకు" అని బతిమాలేవాడు.

"గది తీసేస్తె నీ కథల ఇంకేమున్నదిరా?" అని సారవ్వ పకపకా నవ్వేది.

తెలంగాణ కోసం చేసిన సకల జనుల సమ్మెలో గనులన్నీ బందయ్యాయి. జీతాల్లేక పొయ్యి మీద ఎసరు పలచబడింది, నిజమే. కానీ సైరన్ మోగలేదు. వాన కడిగిన వేపాకు మళ్ళీ నల్లబడలేదు. వాగు నీళ్ళు తేరుకుని అడుగున గులకరాళ్ళు కనబడ్డాయి. సారవ్వ చీర మోకాళ్ళ దాకా ఎగజెక్కి ఆ నీళ్ళలో చాలాసేపు నిలబడింది.

"గీ వాగు గిట్ల ఉండేదని మర్శేపోయిన మహబూబీ" అంది.

మరుసటి ఎండాకాలం పిడుగులాంటి కబురు వచ్చింది. గని వెడల్పవుతుందట. తవ్విన మట్టిని తెచ్చి వాగు మీదే గుట్టగా పోస్తారట. వాగు పూడితే ఆ వాడకు మంచినీళ్ళు లేవు. నీళ్ళు లేకపోతే వాడే లేదు. ఊరోళ్ళ అభిప్రాయం వింటామని అధికారులు బడి ముందర షామియానా వేశారు. "ఆడోళ్ళకేం సమజైతది" అని మగవాళ్ళు మాత్రం బయలుదేరారు.

"అవ్వా, నువ్వు పోకు. మా సార్లు చూస్తె నా డ్యూటీ పోతది" అన్నాడు జైపాల్.

"నేనేం తిడుతనారా? వాగును ఇడిసిపెట్టుండ్రని అడుగుత. అడుగుడు గూడ తప్పేనా?"

పోయింది. కుర్చీల నిండా కాంట్రాక్టరు బండ్లలో తెచ్చిన జనమే. పేరు పిలిచి, స్టేజీ ఎక్కించి మైకు చేతికిచ్చారు. సారవ్వ మైకును అటూ ఇటూ తిప్పి చూసింది. "దిగవ్వా, జల్ది దిగు" అని ఎవరో నవ్వారు. దూరంగా నిలబడ్డ జైపాల్ కూడా దిగమనే సైగ చేశాడు. అప్పుడు ఆమె కళ్ళు మూసుకుని, తనకు వచ్చిందేదో అదే ఎత్తుకుంది.

"ఓ నా వాగుతల్లీ... నా కొడుకు తొలి తానం నీ నీళ్ళనే గదనే... బాయి ఎండిననాడు నా బిందె నింపి పంపితివి గదనే... నిన్ను మట్టిల బొందపెట్టవట్టిరి గదనే..."

"అమ్మా, ఏడవకుండా చెప్పండి" అన్నాడు అధికారి.

"ఆమె గిట్లనే చెప్తది సార్. మీరు ఇనుండ్రి" అని సదయ్య వెనక నుంచి అరిచాడు.

మైకు ఆ గొంతును వాడ దాకా మోసుకుపోయింది. సారవ్వ శోకం పెడుతోందంటే ఎవరో పోయినట్టే! ఆడవాళ్ళు కొంగులు బిగించి ఉరికొచ్చారు. అందరికన్నా ముందు పిండి చేతులతో మహబూబీ.

"ఎవలు పోయిండ్రక్కా? ఎల్లేశం బావకేమన్న అయ్యిందా?"

"బావ మంచిగనే ఉన్నడు. వాగు పోతాంది."

"హయ్యో! నా గుండె ఆగినంత పనాయె గదనే" అని మహబూబీ కసిరింది. కానీ శోకానికి వచ్చాక ఊరికే లేచిపోతారా? అక్కడే కూలబడింది. జైపాల్ గుంపును తోసుకుంటూ వచ్చాడు. అవ్వను దించడానికే అనుకున్నారంతా. అతను మైకు తీసి మహబూబీ నోటి ముందు పట్టాడు.

"మా పిలగాడు అనస్‌కు ఎండదెబ్బ తాకిననాడు కరెంటు లేకుండె. గీ వాగులనే పండవెట్టి పానం కాపాడుకున్న. మన బొగ్గుతోని పట్నంల రూములు సల్లగైతయట. మా ఫంకా ఎందుకు తిరగకపాయె?"

ఆమె తర్వాత ఇంకొకామె. ఆ తర్వాత మరొకామె. పొద్దు వాలినా షామియానా ఖాళీ కాలేదు.

గని ఆగలేదు, అబద్ధం చెప్పను. మట్టిగుట్ట పోసే చోటు మాత్రం వాగుకు దూరం జరిగింది. జైపాల్‌ను పనిలోంచి తీసెయ్యలేదు గాని, ఎవరూ ఒప్పుకోని షిఫ్టులో వేశారు. "మా అవ్వ శోకానికి నా కూలి గిది" అని నవ్వుతాడు.

మొన్న తెలంగాణ వచ్చింది. వాడలో చల్లుకున్న గులాల్ ఇంకా చెరగనేలేదు, పంచాయతీ గోడకు కొత్త నోటీసు అంటుకుంది. గని మళ్ళీ వెడల్పు, మళ్ళీ అదే వాగు దిక్కు, అభిప్రాయం వినడానికి మళ్ళీ బడి ముందర షామియానా. "పోయినంక ఏడిస్తె ఏమొస్తది? పానం ఉండంగనే ఏడ్వాలె" అంటూ సారవ్వ గొంతు సవరించుకుంటోంది.

మందమర్రి, శ్రీరాంపూర్ లాంటి బొగ్గుగనుల ఊళ్ళ నుంచైనా, ఈ బొగ్గు మండితే చల్లబడే పట్నపు గదుల్లోంచైనా రండి. ఎవరు పోయారని అడగడానికైనా రండి. వచ్చాక ఆనవాయితీ మీకూ తెలుసు. మీ వాగు సంగతో, మీ ఎండ సంగతో మైకులో ఒక మాట కలపకుండా లేచిపోకండి.