పన్నెండు ఉండాల్సిన చోట ముప్ఫై నాలుగు

నేను ఇంతవరకూ ఏమీ రాయలేదు. చదివింది అయిదో తరగతి. నేపర్‌విల్‌లో ఉండే మా చెల్లెలు "అక్కా, ఫోన్లో చెప్పమంటే సిగ్గుపడి సగం మింగేస్తావు, రాసి పెట్టు, మన ఆడవాళ్ళందరికీ పంపిస్తాను" అని ఒకటే పోరు. సరే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఎవరికీ దెబ్బలు తగల్లేదు, ఏదీ కాలిపోలేదు. పోయింది నా పరువొక్కటే.

ఈ పరాయి దేశంలో మా తెలుగు చర్చిలో పాటల మాటలు తెర మీద చూపించే కంప్యూటర్ ఒకటుంది. అది ఈమధ్య పాట మధ్యలో టప్పుమని ఆరిపోతోంది. ఆరిపోతే అందరూ నవ్వుకుంటారు. నాకు మాత్రం ప్రాణం మీదికొస్తుంది! ఎందుకంటే తెర నల్లబడగానే పాస్టర్ గారు మైకులో "మార్తమ్మగారూ, మీకు నోటికి వచ్చు కదా, మీరు అందుకోండి" అంటారు. తలకాయలన్నీ నావైపు తిరుగుతాయి. వచ్చు, నిజమే. చిన్నప్పుడు నాయనమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నవి, చరణాలతో సహా వచ్చు. కానీ నలుగురూ చూస్తుంటే నా గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాదు. కిందటి ఆదివారం నేను పాడింది నాకే వినపడలేదు. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు.

"ఏవండీ, వచ్చే ఆదివారానికి అది బాగవ్వకపోతే నేను చర్చికి రాను" అని చెప్పేశాను.

మా ఆయన ఇక్కడే హెర్న్‌డన్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తారు. ఆ డబ్బాని ఇంటికి తెచ్చి, లోపల కరెంటు అందించే పవర్ సప్లై తీసేసి కొత్తది బిగించారు. ఉత్తినే ఆన్ చేసి చూస్తే ఏ పవర్ సప్లై అయినా బుద్ధిగానే ఉంటుందట. కంప్యూటర్‌కి ఊపిరాడనంత పని పెడితేనే దాని బండారం బయటపడుతుందట. దాన్నే లోడ్ మీద పెట్టి చూడడం అంటారట. పక్కన ఒక మీటరు తగిలిస్తారు, అందులో అంకె పన్నెండు దగ్గర అటూ ఇటూ కదలకుండా ఉంటే పాసయినట్టట.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. శనివారం పొద్దున నాకు తెలిసిన లోడ్ ఒక్కటే. వాషింగ్ మెషీన్లో ఒక విడతకి వేసే బట్టల లోడ్!

నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. షాపు నుంచి ఏదో అర్జెంటని ఫోనొచ్చింది. ఆయన చెప్పులేసుకుంటూనే అరిచారు.

"మార్తా, గరాజ్‌లో లోడ్ పెట్టాను. గంటసేపు ఫుల్‌గా నడవాలి. మధ్యలో ఆపకు. నేను ఫోన్ చేస్తా, ఎలా ఉందో చూసి చెప్పు."

కారు వెళ్ళిపోయింది. నాకు ఒకచోట నిలబడబుద్ధి కాక గరాజ్‌లోకి వెళ్ళాను. బల్ల మీద కంప్యూటర్ హోరుమంటోంది. దాని జోలికి నేనెప్పుడూ పోను. పక్కనున్న వాషింగ్ మెషీన్ చూస్తే ఉలుకూ పలుకూ లేదు. తలుపు తీస్తే ఖాళీ! పాపం, పెట్టాననుకుని మర్చిపోయారు అనుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి బట్టల సంగతి తలచుకున్న మనిషి, ఆయన మాటెందుకు పోవాలి? దుప్పట్లు, టవళ్ళు, బొంతల్లాంటి రెండు కంఫర్టర్లు, ఆయన చర్చికి వేసుకునే తెల్లచొక్కా, అన్నీ కుక్కాను. ఫుల్ అన్నారు కదా, మోకాలితో నెట్టి మరీ తలుపు వేశాను. సబ్బు కూడా ధారాళంగా పోశాను.

కాసేపటికి ఫోను.

"లోడ్ నడుస్తోందా?"

"నడుస్తోందండీ."

"ఫుల్లేనా?"

"ఇంక పట్టదండీ."

"గుడ్. చప్పుడెలా ఉంది?"

"గరగరమంటోంది. మధ్యమధ్యలో దబదబ."

"దబదబా?"

"అవునండీ. ఊగుతోంది కూడా."

"ఊగుతోందా! వేడిగా ఉందా?"

చెయ్యి పెట్టి చూశాను. "బాగా వేడండీ."

"నంబరెంత చూపిస్తోంది?"

"ముప్ఫై నాలుగు."

అవతల నుంచి ఒక కేక. "ముప్ఫై నాలుగా! సరిగ్గా చూడవే! పన్నెండు కదా ఉండాలి!"

"పన్నెండు రావడానికి ఇంకా టైముందండీ. ఇదిగో, ముప్ఫై మూడయింది."

"దిగిపోతోందా?"

"దిగదా మరి? సున్నాకొస్తే అయిపోయినట్టే కదా!"

"మార్తా, పొగేమైనా వస్తోందా?"

"పొగ లేదండీ. నురగొస్తోంది."

"ఏమొస్తోంది?"

"నురగ!"

"ప్లగ్గు పీకెయ్! అన్నీ పీకెయ్! బయటికి పరిగెత్తు!"

దొరికిన ప్లగ్గల్లా పీకేశాను, దీనిదీ, దానిదీ. చింతపండు చేతులతో, నైటీ మీద టవల్ కప్పుకుని ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలబడ్డాను. కుక్కని తిప్పుతున్న పక్కింటాయన ఆగి "ఆర్ యూ ఓకే?" అన్నాడు. "యెస్ యెస్, నో ఫైర్, ఓన్లీ లోడ్" అన్నాను. కుక్క కూడా నన్ను అదోలా చూసింది.

మా ఆయన వస్తూనే కారు తలుపు కూడా వెయ్యలేదు. లోపలికి దూకారు. కంప్యూటర్ వాసన చూశారు. మీటరు చూశారు. నేల మీద నురగ చూశారు. చివరికి మెషీన్ అద్దానికి లోపలినుంచి అతుక్కుని ఉన్న తన తెల్లచొక్కా చెయ్యి చూశారు.

"మార్తా."

"ఏవండీ."

"ఆ నంబరు ఎక్కడ చూసి చెప్పావు?"

మెషీన్ మీద మిగిలిన నిమిషాలు చూపించే చోటు వేలితో చూపించాను.

ఆయన బకెట్ బోర్లించుకుని కూర్చుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "నేను చెప్పిన లోడ్ అది కాదే తల్లీ. టెస్టు సగంలో పోయింది. మళ్ళీ పెట్టే టైము లేదు, చర్చి హాలు మూసేలోపు దీన్ని తీసుకెళ్ళి బిగించాలి" అన్నారు.

"మరి రేపు ఆగిపోతే?"

"ఆగకపోవచ్చు."

"అంటే ఆగిపోనూవచ్చా?"

"ఆగితే నువ్వున్నావుగా!"

ఆ మాటతో నా సాయంత్రం సర్వనాశనం. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే కూర్చోవాలనిపించింది. పులిహోరలో ఉప్పు వేశానో లేదో గుర్తురాక మళ్ళీ వేశాను. టెస్టు ఆపేసింది నేనే కదా, రేపు కంప్యూటర్ ఆగిపోతే ఎవర్ని అనాలి?

తెల్లారి ఏం చేశానో తెలుసా? చర్చికి వెళ్ళగానే పసిపిల్లల గదికి పోయి, అక్కడుండే ఆంటీగారితో "మీరెళ్ళి పాటల్లో కూర్చోండి, పిల్లల్ని నేను చూస్తాను" అన్నాను. ఆవిడ నన్ను దీవించి మరీ వెళ్ళింది. గదిలో ఒక్కటే పిల్ల, హాయిగా నిద్రపోతోంది. గోడ అవతల మొదటి పాట సాఫీగా అయింది. రెండో పాటలో సగం అయిందో లేదో, నిశ్శబ్దం! తర్వాత గది వైపు అడుగుల చప్పుడు.

అయిపోయింది, నాకోసమే వస్తున్నారు! ఖాళీగా కనపడకూడదని నిద్రపోతున్న పిల్లని గబుక్కున ఎత్తుకున్నాను. పిల్ల కళ్ళు తెరిచి, నన్ను చూసి, కెవ్వున అందుకుంది.

తలుపు తీసింది మా ఆయన, పాత గళ్ళచొక్కాలో. "కంప్యూటర్ బంగారంలా నడుస్తోంది. పాట మధ్యలో ఆపి అందరూ మౌనంగా ప్రార్థన చేసుకుంటున్నారు. ఆ పిల్లనేం చేశావే?" అని గుసగుసగా అరిచి తలుపు మూసేశారు.

పాలసీసా ఇచ్చాను, విసిరికొట్టింది. బొమ్మ ఇచ్చాను, అదీ అంతే. ఇక వేరే దారి లేక, చూసేవాళ్ళెవరూ లేరు కదా అని గొంతెత్తాను. వాళ్ళు ఆపిన చోటు నుంచి మిగతా చరణాలన్నీ, ఒక్క మాట పోకుండా, గట్టిగా పాడాను. పిల్ల మెల్లగా ఏడుపు మాని నా భుజం మీద నిద్రపోయింది.

చివరి మాట పాడి ఊపిరి పీల్చుకున్నానో లేదో, గోడ అవతల నుంచి హాలంతా ఒక్కసారిగా అంది: "ఆమేన్!"