తెర నొసటి బొట్టు

విమల ఎవరి ఆఫీసుకు వెళ్లినా ముందు మనిషి ముఖం చూడదు, కంప్యూటరు ముఖం చూస్తుంది. ఒకవైపు నమస్తే చెబుతూనే ఉంటుంది, కళ్లు మాత్రం తెర మూలమూలా తిరిగొస్తాయి. షావుకారి పిల్ల, పొగరు అనుకున్నవాళ్లు చాలామంది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఎన్ని ఫ్యాక్టరీలు తిరిగిందో అన్నిట్లోనూ ఆమె వెంట వైర్లు లాగినవాణ్ణి నేను. అది పొగరు కాదు, భయం. ఆ భయం ఎక్కడ పుట్టిందో చెబుతాను. దాని మీద ఊళ్లో తిరిగిన మాటలు వినీ వినీ నాకు విసుగెత్తింది.

సంగారెడ్డి బజారులో జొన్నలు, కందులు కొని అమ్మే ఇల్లు వాళ్లది. శుక్రవారం గడపకు పసుపు రాసి బొట్లు పెట్టందే ఆడవాళ్లు చాయ్ ముట్టరు. అలాంటి ఇంట్లోంచి వచ్చి, హైదరాబాదులో కంప్యూటరు కోర్సు చేసి, తొంభై ఎనిమిదిలో మా కంపెనీలో చేరింది. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. పటాన్‌చెరు హైవే మీద టైర్ల షాపు పైన మూడు గదులు. ఫ్యాక్టరీల్లో యంత్రాల వేడి, ఒత్తిడి కంప్యూటరు తెర మీద బొమ్మగా కనిపించేలా చేయడం మా పని. ప్రోగ్రాము విమల రాసేది. యంత్రం నుంచి కంప్యూటరు దాకా వైరు నాది. నా పేరు యాదయ్య, అందరూ యాదన్నా అంటారు.

ఇస్నాపూర్ దాటాక మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. అక్కడి గాలి నోట్లో పాత తాళంచెవి పెట్టుకున్నట్టు ఉండేది. నా రాగి తీగలు కొన్నాళ్లకే పచ్చబడి, గోటితో గీస్తే పొడిగా రాలేవి. మార్చాలండీ అని ఎప్పుడు చెప్పినా, వచ్చేసారి ప్లాంటు ఆపినప్పుడు చూద్దాం అనేవాళ్లు.

ఆ ఫ్యాక్టరీకి ప్రాణం రెండంతస్తుల ఎత్తున్న ఒక రియాక్టరు. పేరు పెద్దదే కాని అది మందు ఉడికించే ఇనుప పాత్ర. లోపలి వేడి ఒక గీత దాటిందంటే ఆ తర్వాత దానంతట అదే పెరుగుతుంది, ఎవరి మాటా వినదు. పాత్ర చుట్టూ చల్లనీళ్లు తిప్పి దాన్ని ఆ గీత కిందే ఉంచాలి. పగటి షిఫ్టులో ఆ పని బాలప్పది. చిట్కుల్ మనిషి, నలభై దాటినవాడు, నవ్వితే కళ్లు మూతపడేవి. వెనకటి రోజుల్లో మాటిమాటికీ నిచ్చెన ఎక్కి, పాత్రకు బిగించిన గుండ్రటి డయల్ చూసి వచ్చేవాడు. మా కంప్యూటరు వచ్చాక మేనేజరు నరసింహమూర్తి ఆ ఎక్కడం మాన్పించాడు. లక్షణంగా ఏసీ గదిలో కూర్చుని చూడమన్నాడు.

కూర్చున్నందుకు బాలప్పకు తలనొప్పి పట్టుకుంది.

"మేడం, మీ కంప్యూటర్ ఊకె కండ్లు కొడుతున్నది," అన్నాడు విమలతో. "షిఫ్ట్ దిగెటాళ్లకు తలకాయ పగులుతున్నది. ఇంటికి పోయి సూస్తె మా ముత్యమ్మ మొఖం గూడ ఆరుకుంట ఎలుగుకుంట కనవడుతున్నది. జెర సూడుండ్రి."

ముత్యమ్మ అతని భార్య. నేను నవ్వాను కాని విమల నవ్వలేదు. కొత్త నంబరు వచ్చిన ప్రతిసారీ ఆమె ప్రోగ్రాము తెరంతా తెల్లగా తుడిచి, పాత్రను, గొట్టాలను, నంబర్లను ఒక్కొక్కటిగా మళ్లీ గీసేది. ఎంత వేగంగా గీసినా మధ్యలోని ఆ తెలుపు కంటికి తగులుతూనే ఉంటుంది. ఇంకో బాధ కూడా ఉంది. షిఫ్టులో ఎవరో అదే కంప్యూటరులో పేకాట తెరిచి, ఆ ఆట కిటికీని అటూ ఇటూ లాగితే దాని మరకలు మా బొమ్మ మీదే మిగిలిపోయేవి. ఒకసారి సరుకు కొనే విదేశీయులు చూడటానికి వస్తే, రియాక్టరు మధ్యలో ఇస్పేటు రాజు సగం తల కనిపించింది. ఆడినవాణ్ణి వదిలేసి నరసింహమూర్తి మమ్మల్ని తిట్టాడు.

విమల కొన్నాళ్లు దానితోనే కుస్తీ పట్టి గెలిచింది. నేరుగా తెర మీద గీయడం మానేసింది. బొమ్మ మొత్తాన్ని కనపడకుండా మెమరీలో గీయించి, పూర్తయ్యాక ఒక్కసారిగా తెర మీద పరిచేలా చేసింది. మధ్యలో తుడవడమే లేదు. పైకి ఇంకో కిటికీ వచ్చి పోయినా, విండోస్ అడగ్గానే దాచిపెట్టిన బొమ్మే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మరకలు పోయాయి, కొట్టుకోవడం ఆగింది. నరసింహమూర్తి మిఠాయి తెప్పించాడు.

"ఇప్పుడు మంచిగున్నది మేడం, ఫోటో లెక్క," అన్నాడు బాలప్ప.

ఆ మాటతో విమల చేతిలో మిఠాయి అలాగే ఉండిపోయింది. తిరుగు బస్సు ఎక్కాం. ఇస్నాపూర్ దాటాక, "యాదన్నా, ఫోటోల ఉన్న మనిషి బతికున్నడో లేడో ఎట్ల తెలుస్తది?" అంది.

నాకు అర్థం కాలేదు.

"తెర కొట్టుకున్నన్ని దినాలు నంబర్లు వస్తున్నయని తెలిసేది. ఇగ నీ వైరు తెగిందనుకో, ఆఖరికి ఏ నంబరు వచ్చిందో అదే ఉంటది. బొమ్మ మాత్రం మంచిగనే కనపడుతది. లోపల ఏమైతున్నదో మనకు తెల్వదు."

నా వైర్ల సంగతి నాకు తెలుసు కదా.

మర్నాడే వెళ్లి, నంబర్లు ఆగిపోతే మోగే బెల్లు పెడదామని అడిగింది. నరసింహమూర్తి ససేమిరా అన్నాడు. "అది ఊరికే మోగుతుందమ్మా. లోపల కూలీలు హడలిపోతారు, బయట ఊరివాళ్లు గేటు మీద పడతారు. తెర మీదే చిన్నదేదైనా పెట్టు. నీటుగా ఉండాలి."

అప్పుడు విమల తెర పైభాగాన, సరిగ్గా మధ్యలో, రూపాయి బిళ్లంత దీపం గీసింది. నంబర్లు వస్తున్నంతసేపూ పచ్చగా ఉంటుంది. ఆగితే ఎర్రగా మారుతుంది. బాలప్పను కూర్చోబెట్టి, నేను వైరు పీకి మళ్లీ పెడుతుంటే, రెండు రంగులూ చూపించింది.

"ఎర్రగయితె నంబరును నమ్మకు. పైకెక్కి డయల్ చూడు."

"ఎర్రగయితె ఉరుకుడే మేడం," అన్నాడు బాలప్ప.

తర్వాత దసరా వచ్చింది. మా ఫ్యాక్టరీల బెల్టులో ఆయుధపూజ అంటే తెలియనిది కాదు. ఆ రోజు యంత్రాలన్నిటికీ పసుపు కుంకుమలు, గేటు దగ్గర గుమ్మడికాయ, అందరికీ ప్రసాదం. మమ్మల్నీ పిలిచారు. బాలప్ప తలస్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, పళ్లెం పట్టుకుని మోటారుకూ పంపుకూ నిచ్చెనకూ బొట్లు పెట్టుకుంటూ ఏసీ గదిలోకి వచ్చాడు.

"దీనికి నొసలు ఏడుంటది?" అని తెరను చూసి నవ్వాడు. పైన మధ్యలో వేలితో పసుపు గుండ్రంగా రుద్ది, దాని నడుమ కుంకుమ అద్దాడు. చెయ్యి తీసేసరికి దీపం కనపడలేదు.

విమల చెయ్యి లేచింది. లేచి, గాలిలోనే ఆగిపోయింది. నేను చూశాను. పండుగపూట, పూజ చేసి పెట్టిన బొట్టు చెరపడానికి ఆ ఇంటి పిల్లకు చెయ్యెలా వస్తుంది?

"బాలప్పా, అండ్ల దీపం ఉన్నది కద. జెర పక్కకు పెట్టకపోయినవా?" అంది మెల్లగా.

బాలప్ప నాలుక కరుచుకున్నాడు. "అయ్యో! తుడువాల్నా మరి?" అంటూ వేలు తెర దాకా తీసుకెళ్లాడు. అతని వేలూ ఆగింది. "బొట్టు తుడిస్తె మంచిగుండదు గద మేడం."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా ముఖం ఎవరూ చూడలేదు. చూసినా నేనూ తుడవమనేవాణ్ణి కాదు.

"వద్దు వద్దు," అంది విమల. "ప్రోగ్రాంల నేనే దాన్ని మూలకు జరుపుత. రేపే తెస్త."

ఆ సాయంత్రమే జరిపింది. రెండు అంకెలు మార్చడమే పని. ఫ్లాపీలో వేసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. కాని కొత్తది ఎక్కించాలంటే నడుస్తున్న ప్రోగ్రామును ఆపాలి. నరసింహమూర్తి ఒప్పుకోలేదు. "పాత్రలో సరుకు ఉడుకుతోందమ్మా, మధ్యలో ఎట్లా ఆపను? ఇది దిగనీ." అది దిగింది, వెంటనే ఇంకోటి ఎక్కింది. పండుగకు ఆగిన పనంతా ఒక్కసారిగా తరుముకొచ్చింది.

విమల రోజూ పొద్దున్నే ఫోన్ చేసేది. చివరికి, కనీసం ఆ బొట్టయినా తుడిపించండి సార్ అని బతిమాలింది.

"నేను తుడిపిస్తే గుడి కూలగొట్టినట్టు గొడవ చేస్తారు. మీరూ మీరూ చూసుకోండి," అన్నాడట.

గేటు దగ్గర బాలప్పను కలిస్తే, "పరేషాన్ కాకుండ్రి మేడం. అంచుకు పచ్చగ సన్నగ కనవడుతది, వంగి సూస్తున్న," అని ధైర్యం చెప్పాడు. అతను నిజమే చెప్పాడు, అప్పటికి. ఆ తెరకు దుమ్మును లాగే గుణం ఉంది. గది ఊడ్చే మనిషి తెరంతా తుడిచి, బొట్టు చుట్టూ మాత్రం గుడ్డ తగలనిచ్చేది కాదు. పసుపు మీద దుమ్ము పేరుకుని, ఆ సన్నని అంచు కూడా మూసుకుపోయింది. హైవే మీద అంబులెన్సు కూత వినిపిస్తే చాలు, విమల కీబోర్డు మీద చేతులు ఆపి, అది ఎటు పోతోందో చెవులు రిక్కించి వినేది. నాకూ అన్నం సహించడం మానేసింది.

ఒకరోజు మధ్యాహ్నానికి సరుకు దిగుతుంది, రండి అని కబురొచ్చింది. సెవెన్ సీటర్ ఆటోలో ఇరుక్కుని వెళ్లాం. బాలప్ప కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అతని పక్కన కొత్తగా చేరిన ఆపరేటరు ఒకడున్నాడు. తెర మీద బొమ్మ ఎప్పటిలాగే చక్కగా ఉంది. వేడి డెబ్బై ఎనిమిది.

"రాండ్రి మేడం, చాయ్ తాగుతరా?"

విమల అతన్ని చూడలేదు. తెరనే చూస్తూ నిలబడింది.

"బాలప్పా, ఈ నంబరు ఎప్పటిసంది ఇట్లనే ఉన్నది?"

"ఇయ్యాల మంచిగ నిలవడ్డది మేడం," అన్నాడు గర్వంగా. "శానసేపటిసంది కదలలే."

ఉడికే పాత్రలో వేడి అలా నిలబడదు. ఎంతోకొంత పైకో కిందికో ఆడుతూనే ఉంటుంది. విమల బొటనవేలు తెరకు ఆనించి గట్టిగా తుడిచింది. పసుపూ కుంకుమా వేలికి వచ్చేశాయి.

కింద దీపం ఎర్రగా ఉంది.

బాలప్ప లేచిన ఊపుకు కుర్చీ పడిపోయింది. అతను గేటు వైపు పరుగెత్తలేదు, నిచ్చెన వైపు పరుగెత్తాడు. చల్లనీళ్ల వాల్వు పైన ఉంది, దాన్ని చేత్తో తిప్పాలి.

"బాలప్పా, వద్దు! బయటికి రా!" విమల అరిచింది.

"కింద లారీకాడ మంది ఉన్నరు, ఆళ్లను ఉరికియ్యుండ్రి!" నిచ్చెన మీది నుంచి అతని గొంతు వినపడింది. అతని నోటి నుంచి మేము విన్న చివరి మాట అదే.

మేము హమాలీలను తోసుకుంటూ, తిట్టుకుంటూ గేటు దాకా తరిమాం. వెనక్కి తిరిగి చూస్తే బాలప్ప పైన రెండు చేతులతో వాల్వు చక్రం తిప్పుతున్నాడు. గొట్టాల్లోకి నీళ్లు ఉరికిన చప్పుడు వినిపించింది. నీళ్లు అందాయి కాబట్టే పాత్ర మొత్తంగా పేలలేదు. పైమూత ఒకవైపు లేచింది. తెల్లటి ఆవిరి ఆ చోటునంతా కమ్మేసింది. అది తేలిపోయాక చక్రం దగ్గర ఎవరూ నిలబడి లేరు.

తర్వాత వైర్లు కలిసే డబ్బా విప్పి చూస్తే నా తీగ పచ్చటి పొడి అయి ఉంది. యాజమాన్యం మాత్రం ఆపరేటరు అజాగ్రత్త అని రాసుకుంది. అది చదివి నాకు ఒళ్లు మండింది. అంతకంటే మండించింది చిట్కుల్‌లో పుట్టిన మాట. కొత్త ఆపరేటరు చూసింది చూసినట్టే చెప్పాడు. అది నోళ్లలో పడి, షావుకారి పిల్ల దసరా బొట్టు తుడిచింది, ఆ క్షణమే బాలప్ప పోయాడు అని స్థిరపడింది. నేను ఎవరితోనని కొట్లాడను? ముందు తుడిచింది, తర్వాతే మూత లేచింది. అబద్ధమని ఎలా అనను? ప్రోగ్రామును ఒక్కరూ తప్పుపట్టలేదు. నరసింహమూర్తిని ఒక్కరూ అడగలేదు.

ఇంట్లో వద్దంటున్నా విమల చిట్కుల్ వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. కర్మ అయిపోయిన ఇల్లు. గుమ్మంలో ఉన్న ఆడవాళ్లు మమ్మల్ని చూడగానే మాటలు ఆపారు. "గీమెనే," అని ఎవరో గట్టిగానే అన్నారు. ముత్యమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నేను చూడలేక తల తిప్పుకున్నాను. విమల ఆమె ఎదుట నేల మీద కూర్చుంది.

"అమ్మా, బొట్టు తుడిచింది నేనే."

ముత్యమ్మ ఆమె వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎరుకే బిడ్డా. పండుగనాడే ఇంటికొచ్చి చెప్పిండు. దీపం మీద వెట్టిన, తుడుద్దమంటె నాకు చెయ్యి రాలే, మేడంకూ రాలే అన్నడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గా దినమే తుడిసేస్తె అయిపోతుండె గద బిడ్డా."

"అవునమ్మా," అంది విమల.